ఆ మూడో ప్రశ్న నేను రాసిందే

మా ఊరి పఠనమందిరంలో ఒక పటం పెట్టబోతున్నారట. నిలువెత్తు పటం. తలపాగా, జరీ కండువా, చేతిలో లావుపాటి పుస్తకం. ఆ పుస్తకాన్ని ఆయన ఎన్నడూ విప్పలేదని నాకు తెలుసు, బొమ్మ వేసినవాడికి తెలియదు. కిందటి వారం నలుగురు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. "పంతులుగారండీ, ప్లీడరుగారిని దగ్గర్నుంచి చూసినవాళ్లలో మీరొక్కరే మిగిలారండి. ఆవిష్కరణ రోజున చదవడానికి ఓ నాలుగు పేజీలు రాసిపెట్టండి. ఆయన వాగ్ధాటి గురించీ, బీదల మీద ఆయనకున్న దయ గురించీ" అన్నారు. సరేనన్నాను. ఎవరైనా అడిగితే రాసిపెట్టడం నాకు పాత అలవాటు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ అలవాటు వల్ల వచ్చిందే.

ఇందులో ఎవరి పేరూ రాయను. ప్లీడరు పేరు రాస్తే ఆయన మనవలు నా మీద దావా వేస్తారు. నా పేరు రాసుకోవడానికి సిగ్గేస్తుంది. చచ్చిపోయిన మనిషి పేరు కోర్టులో చదువుతుంటే విన్నాను, ఇప్పటికీ మరిచిపోలేదు. మా ఇద్దరి పేర్లూ దాక్కున్న కాగితం మీద అతని పేరొక్కటే బయట నిలబడ్డం నాకు బాగాలేదు.

అవి గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. మద్రాసు రైలు కొవ్వూరు వైపు, అవతలి ఒడ్డుదాకా వచ్చి ఆగేది, ఈ ఒడ్డున మళ్లీ మొదలయ్యేది. మధ్యలో నదిని పడవ మీద దాటాలి. నేను రాజమండ్రిలో ఒక బడిలో తెలుగు పండితుణ్ణి. ఇల్లూ పొలమూ కొవ్వూరు వైపు. సోమవారం ఇటు, శనివారం అటు. పద్దెనిమిదేళ్లు ఒకే సరంగు పడవలో దాటాను. అతను నాకంటే ఆరేడేళ్లు పెద్దవాడు. అయినా నేను "ఒరే" అనేవాణ్ణి, అతను "పంతులుగారండి" అనేవాడు. ఒడ్డు రాగానే అందరికంటే ముందు నేను దిగాలి, అది రేవు మర్యాద. సరంగు బల్ల వేసి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, "బల్ల జారుద్దండి, సూసుకోండి" అని తెడ్డు చాపేవాడు. చెయ్యి అందిస్తే నాకు మైల గనక తెడ్డు చాపేవాడు. నేను తెడ్డు కొస పట్టుకుని దిగేవాణ్ణి.

ప్లీడరుగారికి ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. మునిసిపాలిటీలోకి వెళ్లాలని ఆయనకి మహా కోరిక. దానికి సభల్లో తెలుగులో మాట్లాడాలి. అందుకని నేను రాసేవాణ్ణి, ఆయన కంఠతా పట్టేవాడు. చెయ్యి ఎప్పుడెత్తాలో, కండువా ఎప్పుడు సర్దుకోవాలో నిలువుటద్దం ముందు సాధన చేసేవాడు. నేను పందిరి వెనక నిలబడి నా వాక్యాలకి జనం కొట్టే చప్పట్లు వింటూ పొంగిపోయేవాణ్ణి. ఆ చప్పట్లలో నాకు రావలసిన భాగమేదో ఉందని నా నమ్మకం. తరవాత తెలిసింది, నా భాగం చాలానే ఉందని.

రాసినదాన్ని ముందుగా సరంగుకి చదివి వినిపించడం నా పద్ధతి. బడిలో తోటి పండితులకి వినిపిస్తే సంధి దగ్గర పట్టుకుంటారు. సరంగు అలా కాదు. అతనికి అక్షరం రాదు, కానీ మాట తగిలితే తెడ్డు ఆగిపోయేది. పడవ వాలుకి కాస్త కొట్టుకుపోయేది కూడా. తెడ్డు ఆగితే వాక్యం పండినట్టు, ఆగకపోతే కొట్టేసి మళ్లీ రాసేవాణ్ణి. ఆ ఏడాది ప్లీడరుగారు మాట్లాడిన ప్రతి ముక్కా అలా నది మీద తూకం వేసి తెచ్చిందే.

వంతెన స్తంభాలకి పునాదిగా నదిలో ఇటుక బావులు దింపుతున్నారు. మాఘమాసంలో ఒక బావికి పూజ చేశారు. పనివాళ్లు దిష్టికి బూడిద గుమ్మడికాయ తెచ్చి, లోపల కుంకం నింపి ఉంచారు. కొట్టమని పెద్దమనిషిగా ప్లీడరుగారిని పిలిచారు. నేను ఆయన చేతికర్ర పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆయన కాయ ఎత్తి బావి అంచు మీద బద్దలు కొట్టారు. కుంకం నీళ్లు ఆయన పంచె మీద చింది, మిగతాది గోదాట్లో కలిసి కొంతదూరం ఎర్రగా సాగింది. ఆయన పంచె పాడైందని చిరాకు పడ్డారు. నాకు నవ్వొచ్చింది, అటు తిరిగి నవ్వుకున్నాను. దూరాన పడవల మీద వాళ్లు చేతులడ్డం పెట్టుకుని చూస్తున్నారు. వాళ్లకి ఎర్రనీళ్లు కనబడ్డాయి, గుమ్మడికాయ కనబడలేదు.

ఎండలు ముదిరేసరికి ఎన్నిక దగ్గరపడింది. వంతెన వస్తే రేవు మూతబడుతుందని పడవలవాళ్లు దిగులుగా ఉన్నారు. ఆ దిగులు మీద ప్లీడరుగారి కన్ను పడింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాణ్ణి మనం తిట్టుకుంటాం గానీ, వాడు ఒక్క చుట్టతో సరిపెట్టుకున్నాడు.

"ఏమండీ పంతులుగారూ, బావుల కింద పసిపిల్లల్ని పెడుతున్నారని ఒక్క ముక్క పడితే రేవు రేవంతా మన వెనకాలే ఉంటుందండి" అన్నారు ఒకరోజు.

"అది గుమ్మడికాయ కదండీ. తమరే కొట్టారు."

"నేను కొట్టినట్టు వాళ్లకి తెలీదుగా."

పెద్ద కట్టడం బలి అడుగుతుందని మా ప్రాంతపు ముసలమ్మలు ఎప్పట్నుంచో అనుకుంటూనే ఉన్నారు. అది వాళ్ల మూలుగులో ఒక భాగం, ఎవరూ పట్టించుకునేవారు కాదు. దాన్ని ప్లీడరు నోట పలికించడం వేరు. ఆ క్షణంలో నేను చేయవలసిన పని ఒక్కటే, చేతికర్ర ఆయనకిచ్చేసి ఇంటికి పోవడం. నేను చేసింది ఇది. గొంతు సవరించుకుని, "అలా చెప్పకండి. చెబితే రుజువడుగుతారు. అడిగి వదిలెయ్యండి. అడిగినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేరు" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. పిల్లలకి వాక్యభేదాలు చెప్పే పండితుడు అంత గొప్పగా ఉపయోగపడ్డం అదే మొదలు.

రెండు ప్రశ్నలు వెంటనే వచ్చేశాయి. వంతెన స్తంభం కింద ఏం పెట్టారు? ఆ రోజు నీళ్లెందుకు ఎర్రబడ్డాయి? అక్కడితో ఆపితే వాక్యం కుంటుతోంది. మూడోది ఉంటే గానీ నడక కుదరదు. ఏం రాద్దామా అని ఆలోచిస్తూ సోమవారం రేవులో దిగేసరికి ఒక మనిషి కనబడ్డాడు. కిరస్తానీ మిషను పుస్తకాలు అమ్ముకునేవాడు, భుజాన గోనెసంచీ. ఊరూరా తిరిగి కానీకి ఒక పుస్తకం అమ్మేవాడు, పిల్లలు చుట్టూ మూగితే రంగురంగుల బొమ్మకాగితాలు ఊరికే ఇచ్చేవాడు. ఆ రోజూ ఇస్తున్నాడు. నాకు మూడో ప్రశ్న దొరికింది. సంచీ భుజాన వేసుకుని మన పిల్లలకి బొమ్మలు పంచుతూ తిరిగేవాళ్లు ఎవరి మనుషులు?

అతని మీద నాకు పగ లేదు, మతద్వేషం కూడా లేదు. వాక్యానికి మూడో కాలు కావలసి వచ్చింది, అంతే. ఒక మనిషి ప్రాణం పోవడానికి ఇంతకంటే నీచమైన కారణం నేను వినలేదు.

శనివారం పడవలో సరంగుకి చదివాను. మొదటి ప్రశ్నకి తెడ్డు నెమ్మదించింది. రెండోదానికి ఆగింది. మూడోదానికి అతను తెడ్డు పడవలో పెట్టేసి నావైపు తిరిగాడు.

"మా మనవరాలికి కూడా బొమ్మిచ్చాడండి ఆ సంచీ ఆయన. గొర్రెపిల్లనెత్తుకున్న బొమ్మండి. పిల్లల్ని పట్టుకెళ్లేది ఆడేనంటారా పంతులుగారండీ?"

అతని గొంతులో భయం ఉంది. నాకు అది వాక్యం పండిన గుర్తుగా వినబడింది. "నేనేమీ అనడం లేదురా. అడుగుతున్నానంతే" అన్నాను.

"తవఁరంతటోళ్లు ఊరికే అడుగుతారేంటండి" అన్నాడు. పడవ వాలుకి చాలాదూరం కొట్టుకుపోయింది.

సభ రేవు పక్క ఇసకలోనే పెట్టారు. ప్లీడరుగారు అద్భుతంగా మాట్లాడారు. మూడో ప్రశ్న దగ్గర కండువా సర్దుకోవడం కూడా మరిచిపోలేదు. అడిగి, కళ్లు మూసుకుని, కాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దం నేను రాసింది కాదు, ఆయన సొంతం. ఎవరి వాటా వారికి ఇవ్వాలి కదా. పందిరి వెనక నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అని పిల్లలచేత నూరేసిసార్లు రాయించిన చెయ్యి నాది.

నాలుగో రోజు శనివారం. మధ్యాహ్నం పడవ కోసం రేవుకి వెళ్లేసరికి జనం. ఇసక నిండా బొమ్మకాగితాలు. గోనెసంచీ చింపి తిరగేశారు. అందులోంచి పుస్తకాలు, ఒక కండువా, తాటాకు మూటలో చద్దన్నం పడ్డాయి. సరంగు మనవరాలు పొద్దుట్నుంచీ కనబడలేదట. ఎవరో పుస్తకాల మనిషి చుట్టూ పిల్లల్ని చూశారట. పదిమంది కలిసి కొట్టారు. తెడ్డు ఎత్తినవాడు ఒక్కడే.

ఆ మనిషిని నులకమంచం మీద మోసుకుపోతుంటే చూశాను. మొహం మీద ఎవరో తడిగుడ్డ వేశారు. ఒక చెయ్యి మంచం పక్కకి వేలాడుతోంది, ఆ చేతిలో బొమ్మకాగితం ఒకటి ఇంకా ఉంది. కాసేపటికి పిల్ల వచ్చింది. మేనత్త ఇంట్లో గారెలు తిని, మూతి నూనె చేసుకుని, మేనత్త చెయ్యి పట్టుకుని వచ్చింది. సరంగు ఇసకలో కూలబడి, "పిల్లొచ్చిందండి, పిల్లొచ్చేసిందండి" అని కనబడ్డ ప్రతివాడితోనూ అన్నాడు. నాతోనూ అన్నాడు. పక్కన తెడ్డు పడి ఉంది. పద్దెనిమిదేళ్లు నేను పట్టుకున్న కొస నాకు బాగా గుర్తు. దాన్ని చూడకుండా ఇంకో పడవెక్కాను.

పుస్తకాల మనిషి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రాణం విడిచాడు.

పోలీసులు సరంగుని పట్టుకెళ్లి, 'వదంతి వల్ల జరిగింది' అని రాసుకున్నారు. వదంతికి తల్లీ తండ్రీ ఉండరని వాళ్ల నమ్మకం. నాకు తెలిసి దీనికి ఇద్దరు తండ్రులు, ఒకడు వకాలతు చేస్తున్నాడు, ఒకడు పిల్లలకి ఎక్కాల తరవాత పద్యాలు చెబుతున్నాడు.

వారం తిరక్కుండా సరంగు పెళ్లాం బడి దగ్గరికొచ్చి చింతచెట్టు కింద నిలబడింది. నేను బయటికి రాగానే కాళ్ల మీద పడబోయింది, వెనక్కి జరిగాను. "ఉరేత్తారంటన్నారండి. సభలో పెద్దాయన అలా సెప్పబట్టే మావోడు బెదిరిపోయాడని, తవఁరు కూడా ఇన్నారని కోర్టులో ఒక్క ముక్క సెప్పండి బాబూ. పెద్దోళ్లు సెప్పింది నమ్మి సేశాడంటే జడ్జీ దొరగారు పేణం తియ్యరంటండి" అంది. చూద్దాంలే అన్నాను. అది లేదు అనడానికి మా భాషలో మర్యాదైన పద్ధతి, ఆమెకీ తెలుసు.

అయినా ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాను. వెళ్లానని చెప్పుకోవడానికే వెళ్లానేమో. ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు.

"తెడ్డెత్తింది నేనా పంతులుగారూ? మీరా? సభలో అయిదొందలమంది విన్నారు. చెయ్యెత్తింది పదిమంది. నా మాటకి అంత బలమే ఉంటే అయిదొందలమందీ ఎత్తొద్దూ? నేను అడిగానండి. జవాబు వాళ్లు చెప్పుకున్నారు. అడగడం నేరమని ఏ చట్టంలో ఉంది?"

వాదన బాగుంది. నేను నేర్పిందే కదా, బాగుండక ఏం చేస్తుంది! అయిదొందల గడ్డివాముల్లో ఒకటే అంటుకుందని, అగ్గిపుల్ల గీసి పడేసినవాడు కూడా ఇలాగే అనొచ్చు. సరంగు తప్పు చేయలేదని నేను అనను. ఒక మనిషి నెత్తి మీద తెడ్డు దించినవాడు అతనే, దించేటప్పుడు ఆ మనిషి "బాబూ, వద్దు" అంటూనే ఉన్నాడట. అతని పాపం అతనిది, దాన్ని ఎవరూ మోయలేరు. కానీ మాటకి చేతులుండవు గనక అది చేతులున్నవాణ్ణి వెతుక్కుంటుందని నాకు తెలుసు. ఎవరి చేతులు దొరుకుతాయో పడవలో ముందే చూసి వచ్చినవాణ్ణి నేను. ఇదంతా అక్కడ అన్నానా? "అంతేనండి" అన్నాను.

మర్నాడు ఊళ్లో గుప్పుమంది. ప్లీడరుగారు సరంగు తరఫున ఉచితంగా వాదిస్తారట! బీదల మీద ఆయన దయ అని కుర్రాళ్లు రాయమన్నది ఇదే. ఆ దయ ఎంత లోతైనదో చెబుతాను. సరంగు తరఫు సాక్షులుగా ఎవర్ని పిలవాలో ఎవర్ని పిలవకూడదో ఇప్పుడు ఆయనే నిర్ణయిస్తారు. సభ సంగతి కోర్టులో ఒక్కరి నోటా రాలేదు. పిల్ల తప్పిపోయిన తాత గుండెకోత గురించి మాత్రం ఆయన ఇంగ్లీషులో గంటసేపు మాట్లాడారు, దొర కళ్లజోడు తుడుచుకున్నాడు. నేను వెనక బెంచీ మీద తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నన్ను పిలవలేదు. పిలవలేదు కదా అని ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో నాకే తెలుసు. ఆయనకి 'అడిగానంతే' ఎలాగో, నాకు 'పిలవలేదు కదా' అలాగ.

వరండాలో పుస్తకాల మనిషి భార్య కూర్చుంది. మిషను బళ్లో పిల్లలకి అక్షరాలు చెప్పేదట. తెల్లచీర, ఒళ్లో ఆ చింపిన సంచీ మడతపెట్టి ఉంది, చింపిన చోట కుట్టేసింది. నేను బయటికి వస్తుంటే, నా పంచెకట్టు చూసి చదువుకున్నవాణ్ణనుకుని, లేచి నిలబడింది.

"అయ్యగారూ, మా ఆయన పిల్లల్ని ఎత్తుకుపోతాడని వీళ్లకి మొదట ఎవరు చెప్పారండి? లోపల అదెవరూ అడగలేదండి."

అంత ముఖ్యమైన ప్రశ్న ఆ కేసులో ఎవరూ వేయలేదు. ప్రశ్నలు రాయడంలో పేరుపడ్డవాణ్ణి, జవాబు నా దగ్గరే ఉన్నవాణ్ణి, నాకు తెలీదమ్మా అని మెట్లు దిగిపోయాను.

సరంగుకి ద్వీపాంతరవాసం వేశారు, ఉరి తప్పింది. ప్లీడరుగారి వల్లే తప్పిందని రేవంతా చెప్పుకున్నారు, ఎన్నికలో గెలిపించారు. వంతెన పూర్తయింది, రేవు పడుకుంది. పూర్తయిన వంతెన మీద మొదటి నెలలోనే ప్లీడరుగారు రైల్లో ప్రయాణం చేసి వచ్చి, ఎంత సుఖంగా ఉందో నాతో చెప్పారు. ఆ బావుల కింద ఏం పెట్టారని నేను అడగలేదు.

కుర్రాళ్లు రాయమన్న పేజీలు ఇవే. చదవనివ్వకపోతే పటం కిందే నిలబడి చదువుతాను. కాలూ చెయ్యీ ఆడని వయసులో వచ్చిన ధైర్యం, దీన్ని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. ఇంకొక్క సంగతి ఉంది.

శిక్ష పడ్డాక సరంగుని మద్రాసు పంపాలి. రైలు అవతలి ఒడ్డున గనక పడవ మీదే దాటించారు. అది శనివారం కావడం నా ఖర్మ. నేనెక్కి కూర్చున్నాక ఇద్దరు జవాన్లు అతన్ని తీసుకొచ్చి నా ఎదుట కూర్చోబెట్టారు. చేతులకి సంకెళ్లు. అతని పడవే, తెడ్డు వేరేవాడి చేతిలో ఉంది, పాతది కోర్టులో ఉండిపోయింది. గోదావరి దాటి ఎక్కడికీ వెళ్లి ఎరగని మనిషి, సముద్రం దాటబోతూ, కొత్తవాడు తెడ్డు తప్పుగా వేస్తున్నాడని రెండుసార్లు వాడికి సర్ది చెప్పాడు.

తరవాత నావైపు వంగి, జవాన్లకి వినబడకుండా, "పంతులుగారండీ, తవఁరు ముందుగా పడవలో సదివి ఇనిపించారని నేనెక్కడా అన్లేదండి. పోలీసులు కొట్టినా అన్లేదు. మా ఆడదానిక్కూడా సెప్పలేదు. తవఁరికి మాటొత్తదని" అన్నాడు.

ఎన్నో సభలకి మాటలు సరఫరా చేసినవాణ్ణి, నీళ్లకేసి తిరిగి కండువా సర్దుకున్నాను.

ఒడ్డొచ్చింది. ఎవరో బల్ల వేశారు. రేవు మర్యాద ప్రకారం జవాన్లు కూడా ఆగి నన్ను ముందు దిగమన్నారు. సరంగు అలవాటుగా తెడ్డు కోసం చూశాడు, లేదని గుర్తొచ్చి, సంకెళ్లున్న రెండు చేతులూ నాకేసి చాపాడు. "బల్ల జారుద్దండి, సూసుకోండి."

నేను ఆ చేతులు పట్టుకోలేదు. చూసుకునే దిగాను.